అమ్మ గొంతుకు వేసవి సెలవులు

మా అమ్మ గొంతు టమాటాల సీజన్లో పోయింది.

పోవడమంటే జలుబు చేసి బొంగురుపోవడం కాదు. తెల్లవారుజామున మార్కెట్ నిండా జనం ఉండగా, పాట నడుస్తూ ఉండగా, మాట మధ్యలో తెగిపోయింది.

హోల్‌సేల్ మార్కెట్లో కూరగాయల వేలంపాట పాడేది మా అమ్మే. దానికి రాగమూ తాళమూ ఉండవు. "ఒకటోసారి" అంటే షెడ్డు ఆ చివర ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్నవాడు కూడా తలెత్తి చూడాలి, అంతే. లారీల హారన్లు, హమాలీల కేకలు, బేరాలు, తిట్లు, వీటన్నిటినీ తొక్కుకుంటూ అమ్మ గొంతు వెళ్లేది. మైకు అక్కర్లేని మనిషి కాబట్టి అందరూ ఆమెను మైకమ్మ అని పిలిచేవాళ్లు. చిన్నప్పుడు బడి గేటు దగ్గర నిలబడి నన్ను పిలిస్తే, నాతోపాటు హెడ్మాస్టరు కూడా బయటికొచ్చేవాడు.

ఆ రోజు అమ్మ టమాటా ట్రేల ముందు స్టూలెక్కి నిలబడింది. కాలేజీ సెలవులు కాబట్టి నేను కింద ట్రేలకు చీటీలు అంటిస్తున్నాను.

"రెండోసారీ!" అంది అమ్మ.

కొనేవాళ్లు మూడోసారి కోసం చూస్తున్నారు. అమ్మ నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, మాట మాత్రం రాలేదు. షెడ్డులో ఒక్కొక్కరే మాటలాపి ఇటు తిరిగారు. ఎవరో ఒకరు అనాలి కదా అని నేనే "మూడోసారి" అన్నాను. అది పిల్లికూన అరిచినట్టు వచ్చింది. వెనక ఎవరో నవ్వారు. అమ్మ స్టూలు దిగి, నా చెయ్యి పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా షెడ్డు దాటింది.

గొంతు డాక్టరు అమ్మ నోట్లో సన్నటి గొట్టం పెట్టి తెర మీద చూశాడు.

"స్వరతంతువుల మీద కాయలు కాశాయమ్మా. ఎన్నేళ్ల నుంచి అరుస్తున్నారు?"

అమ్మ చెప్పబోయింది.

"ఆఁ ఆఁ! చెప్పొద్దు. ఇవాళ్టి నుంచి వానలు పడేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు. గుసగుస ఇంకా చేటు. వారం వారం వచ్చి చూపించుకోండి."

"తర్వాత మళ్లీ పాట పాడొచ్చా అండీ?" అన్నాను నేను.

"ముందు మాట రానీ అమ్మా. పాట సంగతి తర్వాత చూద్దాం."

అలా మా ఇంట్లో మౌనం మొదలైంది. దానివల్ల ముందుగా దెబ్బతిన్నది మా నానమ్మ. నానమ్మకు అమ్మతో పోట్లాట రోజూ వేసుకునే మందులాంటిది. అది పడకపోతే ఒంట్లో బాగుండదు.

"ఏమే, ఇందులో వేసింది ఉప్పా, సుద్దపొడా?" అని మొదటిరోజు గిన్నె ముందుకు తోసింది. అమ్మ నవ్వి ఉప్పుడబ్బా అందించింది.

"అడిగితే సమాధానం చెప్పదు చూడు!"

అమ్మ గొంతు మీద వేలు పెట్టి చూపించింది.

నానమ్మ కాసేపు ఎదురుచూసింది. ఇంకో రెండు రాళ్లు విసిరింది. అవతలి నుంచి ఒక్కటీ తిరిగి రాకపోయేసరికి ఆమెకు ప్రాణం ఉసూరుమంది. సగం తిని లేచిపోయింది. "ఇది ఇల్లా, ఆసుపత్రా?" అనుకుంటూ ఆ రాత్రి పెందలాడే పడుకుంది.

చూడ్డానికి వచ్చేవాళ్లు ఇంకో రకం. జబ్బు అమ్మ గొంతుకైతే, వాళ్లు ఆమెకు చెవుడొచ్చినట్టు అరిచి మాట్లాడేవాళ్లు. "ఏదీ, నా కోసం ఒక్క ముక్క అను, చూద్దాం" అని బతిమాలేవాళ్లు. ఒకావిడైతే అమ్మ గడ్డం పట్టుకుని, "అయ్యో, ఎలాంటి గొంతు! దిష్టి తగిలింది" అని కళ్లు తుడుచుకుంది. అమ్మ వాళ్ల ముందు నవ్వుముఖంతో కూర్చునేది. వాళ్లు వెళ్లాక వెనకగదిలోకి పోయి తలుపు వేసుకునేది.

విచిత్రమేమిటంటే, ఆ వేసవిలో మా నాన్న మాటలు మొదలుపెట్టాడు.

నాన్న కాటాలు బాగుచేస్తాడు. మార్కెట్ వెనక సందులో చిన్న కొట్టు. అంతకుముందు "ఊఁ", "సరే", "పెట్టు" తప్ప నాన్న నోట ఇంకో మాట విన్న గుర్తు నాకు లేదు. ఆ కాస్తా కూడా ఎంత మెల్లగా అనేవాడంటే, పెదవులు చూసి తెలుసుకోవాలి. అలాంటి మనిషి అన్నానికి కూర్చున్న దగ్గర్నుంచి చెయ్యి కడుక్కునేదాకా కబుర్లు చెప్పసాగాడు. కాటా పళ్లెం కింద అయస్కాంతం దాచి దొరికిపోయిన వ్యాపారి కథ. తూకంరాయి మింగిన మేక కథ. చిన్నతనంలో ఎవరిదో సైకిలు తీసుకెళ్లి బావిలో పడేసిన కథ.

"వీడికి నోరుందని నాకిన్నాళ్లూ తెలీదు" అంది నానమ్మ.

అమ్మ కోసమే అనుకున్నాం అందరం. ఇంట్లో కరువైన సందడిని తను తెచ్చిపెడుతున్నాడని. అమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని వింటూ ఉండేది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయన మాట వినే తీరిక దొరికిందన్నట్టు ఉండేది ఆమె ముఖం.

పెద్ద మసీదు గుమ్మం మేం తొక్కింది కూడా అమ్మ అలా వెనకగదిలో తలుపు వేసుకునే రోజుల్లోనే. ముందే అనుకుని వెళ్లలేదు. దాక్కోవడానికి వెళ్లాం.

డాక్టరు ఆసుపత్రికి ఎదురుగానే ఉంటుంది ఆ మసీదు. పుట్టినప్పటి నుంచీ దాని తెల్లటి గుమ్మటాలను బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. లోపలికి వెళ్లొచ్చా లేదా అన్నది ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి బయటపడేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. బస్టాపులో మార్కెట్ ఆడవాళ్లు ఇద్దరు కనపడ్డారు. "అదిగో మైకమ్మ!" అని ఒకామె చెయ్యి ఊపింది. అమ్మ చూడనట్టు నటించి, నా మణికట్టు పట్టుకుని, రోడ్డు దాటించి ఎదురుగా ఉన్న గేటులోకి లాక్కుపోయింది. మధ్యాహ్నం నమాజుకూ సాయంత్రం నమాజుకూ మధ్య ఏ మతంవారైనా వచ్చి చూడవచ్చని గేటు పక్కన బోర్డుంది. అది నేను లోపలికి వచ్చేశాక వెనక్కి తిరిగి చదివాను.

సందర్శకుల గుమ్మం పక్కన నీడలో ఒక బల్ల. బల్ల మీద ఇస్త్రీచేసి మడతపెట్టిన చున్నీలు, పొడుగు అంగీలు. వెనక అమ్మ వయసు ఆవిడ. ఆమెను అక్కడ అందరూ చున్నీల అక్క అంటారని తర్వాత తెలిసింది.

"మొదటిసారా? రండి రండి" అంది. గొంతు పెంచకుండానే మాట స్పష్టంగా వచ్చింది. "చెప్పులు ఆ అరలో పెట్టండి. ఈ చున్నీ జుట్టు కనపడకుండా కప్పుకోండి. నీ చేతులు సగం దాకా బయటికున్నాయి తల్లీ, పైన ఈ అంగీ తొడుక్కో. ఫోను మోగకుండా చెయ్యి. లోపల ఎవరైనా నమాజులో ఉంటే వాళ్ల ముందునుంచి నడవకండి. దూరమైనా సరే, చుట్టు తిరిగి వెనకనుంచి వెళ్లండి. వాళ్ల ఫొటోలు తియ్యకండి. గ్రంథాలున్న పీటల వైపు కాళ్లు చాపకండి. ఎంతసేపైనా కూర్చోండి, ఎవరూ లేవమనరు. మాటలు మాత్రం బయటికొచ్చాక మాట్లాడుకోండి. లోపల మౌనంగా ఉంటే మంచిది."

నాకు నవ్వాగలేదు. "మా అమ్మకి ఆ చివరిది చెప్పక్కర్లేదండీ" అని సంగతంతా చెప్పాను.

అక్క అంతా విని అమ్మను పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే మీకన్నా మర్యాదస్తులు ఈ వేసవిలో మాకు దొరకరు" అంది.

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. గొంతు పోయాక అమ్మ అలా నవ్వడం అదే మొదలు.

ఎండకు కాలిన పాలరాతి మీద పరిచిన చాపల వెంట నడిచి లోపలికి వెళ్లాం. కాలు పెట్టగానే తివాచీ చల్లగా, మెత్తగా తగిలింది. పైన గుమ్మటం ఎంత ఎత్తంటే, చూడ్డానికి మెడ వెనక్కి వాల్చి చున్నీ జారకుండా చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. గుమ్మటం మధ్యనుంచి గాజు దీపాల గుత్తి వేలాడుతోంది. ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. అక్కడక్కడా ఒక్కొక్కరు నమాజు చేసుకుంటున్నారు. ఒక ముసలావిడ స్తంభానికి దగ్గరగా కూర్చుని జపమాల తిప్పుతోంది. అమ్మ ఆమెకు కాస్త ఎడంగా కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. ముసలావిడ ఒకసారి తల తిప్పి అమ్మను చూసి, కళ్లతోనే పలకరించి, మళ్లీ తన జపంలో పడింది. అమ్మ కూడా కళ్లతోనే బదులు పలికింది. అంతే, పలకరింపు అయిపోయింది. ఇంట్లో అమ్మ మౌనం జబ్బు. బస్సులో అది వింత. ఇక్కడ అది అందరూ పాటిస్తున్న పద్ధతి. కాసేపటికి అమ్మ భుజాలు కిందికి దిగాయి. అన్నాళ్లూ అవి పైకెత్తి ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఆసుపత్రి పనున్నా లేకపోయినా, సందర్శకులను రానిచ్చే ప్రతి మధ్యాహ్నం అమ్మ అక్కడికి వెళ్లేది. నేను తోడు.

"ఏం చేస్తారర్రా అక్కడ?" అనేది నానమ్మ.

"కూర్చుంటాం."

"కూర్చోడానికి అంత దూరం పోవాలా? ఇంట్లో నేలకేమొచ్చింది?"

కూర్చోవడం ఒక్కటే కాదు. చేతులు ఊరికే ఉంచుకోవడం అమ్మకు చేతకాదు. నాలుగు రోజులు తిరక్కముందే అక్క బల్ల వెనక చేరి చున్నీలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ ఇద్దరికీ భలే కుదిరింది. అక్క తన కూతురి కాన్పు గురించి, పాడైపోయిన ఫ్రిజ్ గురించి చెప్పేది. అమ్మ కనుబొమలతో, చేతులతో జవాబిచ్చేది. ఒకసారి కాలేజీ కుర్రాళ్ల గుంపు ఒకటి గుమ్మంలో పెద్దగా నవ్వుతూ, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వచ్చింది. అక్క "బాబూ, కాస్త మెల్లగా" అంటే వాళ్లకు వినపడలేదు. అమ్మ లేచి నిలబడి, పెదవుల మీద వేలు పెట్టి చూసింది. పాట మధ్యలో దొంగబేరం ఆడేవాళ్లను చూసే చూపది. గుంపంతా టక్కున నోరు మూసుకుని, చెప్పులు వరసగా అరల్లో పెట్టి, వేలి చివర్ల మీద లోపలికి నడిచింది.

"ఇన్నేళ్ల నుంచి చెప్తున్నా, నా మాట ఇలా ఎవరూ విన్లేదమ్మా" అంది అక్క.

పొద్దుటిపూటలు మాత్రం అంత హాయిగా లేవు. అమ్మ బదులు స్టూలెక్కింది నేను. నా గొంతు ఆ చివరికి పోయేది కాదు, పోవాలని అరిస్తే చీలిపోయేది. అమ్మ నా వెనక నిలబడి, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తొందరపెట్టాలో వీపు మీద వేళ్లతో తట్టి చెప్పేది. అయినా బేరాలు జారిపోయేవి. ఒకరోజు మార్కెట్ పెద్ద వచ్చాడు. మంచివాడే, కానీ వ్యాపారి.

"అమ్మాయీ, నీ పాట రెండు వరసలు దాటట్లేదు. వానలొస్తే కొత్త పంట దిగుతుంది. అప్పటికి మీ అమ్మ గొంతు రాకపోతే వేరేవాళ్లని చూసుకోవాలి మరి. ఏమనుకోవద్దు."

అమ్మ పక్కనే ఉంది. మామూలు రోజుల్లో అయితే ఆ మాటకు అమ్మ ఇచ్చే జవాబు విని ఆయన గుమాస్తాలతో సహా షెడ్డు వదిలి పారిపోయేవాడు. అమ్మ తల వంచుకుని ట్రేల మీద చీటీలు సరిచేసింది. ఆ మధ్యాహ్నం చున్నీలు మడతపెట్టలేదు. లోపల స్తంభం దగ్గర, సందర్శకుల వేళ ముగిసేదాకా అలాగే కూర్చుంది.

మార్కెట్‌కు సెలవొచ్చిన రోజు నాన్న, "నేనూ వస్తా, ఏముందో చూస్తా" అన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని బయల్దేరాడు. బస్సులో దారిపొడుగునా కబుర్లే.

గుమ్మం దగ్గర అక్క తన మెల్లని గొంతుతో అన్నీ చెప్పింది. నాన్న శ్రద్ధగా ఆమె ముఖంలోకి చూస్తూ "ఊఁ... ఊఁ" అన్నాడు. చెప్పులు విడిచి, మా వెనకే లోపలికి వచ్చాడు. గుమ్మటాన్ని చూసి నోరు తెరిచాడు. అమ్మా నేనూ మామూలు చోట కూర్చున్నాం. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, తల పైకెత్తి, దీపాల గుత్తిని చూస్తూ ముందుకు నడిచాడు.

ముందు గోడకు కాస్త ఇవతల ఒక తాత ఒంటరిగా నమాజు చేస్తున్నాడు. నాన్న నేరుగా అటే పోతున్నాడు.

అక్క అప్పుడే ఇంకో కుటుంబాన్ని తీసుకుని లోపలికి వచ్చింది. "అయ్యా, వెనకనుంచి వెళ్లండి" అంది మెల్లగా. నాన్న ఆగలేదు. "అయ్యా!" అంది ఇంకాస్త గట్టిగా, నాన్న వెనక రెండడుగుల దూరం దాకా వచ్చి. నాన్న తల కూడా తిప్పలేదు. తలుపు దగ్గరి కాపలాదారు చెయ్యెత్తాడు. ఈలోగా నాన్న ఆ తాత ముందునుంచి, సజ్దాలో నేలకు వంగుతున్న ఆయన నుదుటికీ గోడకూ మధ్యనుంచి, దీపాలు చూసుకుంటూ దాటిపోయాడు. అడ్డుకోబోయినట్టు తాత చెయ్యి కొంచెం లేచి మళ్లీ దిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. హాల్లో అందరి కళ్లూ నాన్న మీదే.

అమ్మ చటుక్కున లేచింది. నోరు తెరిచింది. పిలుస్తుందనే అనుకున్నాను. మళ్లీ మూసుకుంది. వరసలన్నిటికీ వెనకనుంచి, గోడవారగా, హాలంతా చుట్టి, నాన్న వెనకగా వెళ్లి నిలబడింది. చెయ్యి వెయ్యలేదు. ఊరికే నిలబడి ఆయన వీపు వైపు చూసింది. తర్వాత చెయ్యెత్తి నాన్న కుడిచెవి పక్కన వినీవినపడనంత చిన్నగా చిటికె వేసింది. నాన్న దీపాలనే చూస్తున్నాడు. ఎడమచెవి పక్కన వేసింది. అప్పుడూ చూడలేదు. ఇంకాస్త దగ్గరగా వేసింది. నాన్న ఉలిక్కిపడి తిరిగి, అమ్మను చూసి నవ్వి, పైకి చూపించాడు.

అమ్మ దీపాలను చూడలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, వచ్చిన దారినే, అందరి వెనకనుంచి నడిపించుకుంటూ బయటికి తీసుకొచ్చింది.

వరండాలో అక్క మా దగ్గరికి వచ్చింది. కోపం లేదు గానీ ముఖం చిన్నబోయింది. "నేను గుమ్మంలోనే చెప్పానండీ" అంది.

నాన్న నవ్వుముఖంతోనే నా వైపు తిరిగాడు. "ఏమంటోందమ్మా?"

అక్క నాకంటే ముందే గ్రహించింది. "అయ్యో" అని ఆగిపోయింది.

"నాన్నా, నీకు వినపడట్లేదా?" అన్నాను, అమ్మ చిటికె వినపడిన ఎడమవైపు వెళ్లి, కాస్త గట్టిగా.

నాన్న చొక్కా గుండీ సర్దుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. "మరీ అంతేం కాదు. కుడివైపు బొత్తిగా లేదు. ఎడమవైపు ఏదో, ఫర్వాలేదు."

"ఎప్పట్నుంచి?"

"కొన్నేళ్లయింది. కాటాకి చెవులతో పనేముంది? చేత్తో చూస్తే చాలు. ఇంట్లో ఇబ్బందేం ఉండేది కాదు. మీ అమ్మ మాట్లాడితే వినపడేది." అమ్మ వైపు చూడకుండా నేల వైపు చూస్తూ అన్నాడు. "ఆవిడొక్కదాని మాటే మళ్లీ అడిగే పనిలేకుండా వినపడేది."

"మరి ఈ కబుర్లన్నీ?"

"నేను మాట్లాడుతూ ఉంటే నన్నెవరూ ఏమీ అడగరు కదా" అన్నాడు నాన్న.

పావురాలు చాపల మీద తిరుగుతున్నాయి. ఇన్నేళ్లూ నానమ్మ "గయ్యాళి గొంతు" అన్నది ఆ గొంతునే. ఆడపిల్ల అలా అరవొచ్చా అని పుట్టింటివాళ్లు తల దించుకున్నదీ దాని గురించే. అమ్మ చున్నీ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటే అన్నట్టు మెడ కూడా తుడుచుకుంది.

లోపల జరిగింది నేను నాన్న ఎడమచెవి దగ్గర చెప్పి ముగించేసరికి తాత నమాజు ముగించుకుని బయటికి వచ్చాడు. నాన్న చేతులు జోడించి ఎదురెళ్లాడు. "తెలీక అడ్డం వచ్చాను. తప్పయింది."

తాత ఏదో అన్నాడు. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ అరచెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఫర్వాలేదని తలూపింది. తాతకు సంగతి అర్థమైంది. నాన్న ఎడమ భుజం దగ్గరికి వంగి, "దాటావుగానీ తొక్కలేదు కదా బాబూ! రేపు కూడా రా. నా వెనక బోలెడంత చోటుంది" అన్నాడు. ఈసారి నాన్నకు వినపడింది. నవ్వాడు.

గేటు దాటగానే నాన్న బస్టాపు వైపు తిరిగాడు. అమ్మ ఆయన్ను వదల్లేదు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

"ఎక్కడికి? ఇంటికి అటు కదా!"

జవాబు చెప్పేవాళ్లు లేరు. నేను చెప్పొచ్చు, చెప్పలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర నాన్న మొండికేశాడు. "చెవిలో మిషన్ ముక్క పెట్టుకుని కొట్లో కూర్చుంటే మార్కెట్లో నవ్వరూ?" అన్నాడు. అమ్మ తన గొంతు చూపించింది. ఆయన చెవి చూపించింది. మళ్లీ తన గొంతు చూపించి, రెండు చేతులూ గాల్లో తిప్పి, ఇక ఈ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడాలి అన్నట్టు నిలబడింది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. మాటల్లేకుండా అంత పెద్ద పోట్లాట నేనింకెక్కడా చూడలేదు. నాన్న ఓడిపోయాడు.

"భార్యకు గొంతు, భర్తకు చెవి. నేను మీ పక్కింట్లో అద్దెకు దిగాల్సింది" అన్నాడు డాక్టరు. లోపలి ఎముక బిగుసుకుపోయిందన్నాడు. ఇలాంటివాళ్లకు తమ గొంతు తమకే పెద్దగా వినపడుతుందట, అందుకే మెల్లగా మాట్లాడతారట. చెవికి కొలత తీసుకున్నాడు. మిషన్ రావడానికి కొన్నాళ్లు పడుతుందన్నాడు.

ఇంట్లో విషయం తెలిశాక నానమ్మ పెద్దగా ఏడ్చింది. తర్వాత, "నేనిన్నాళ్లూ తిట్టిన తిట్లన్నీ వృథాయేనా?" అని అడిగింది.

నాన్న ఆ రోజు నుంచి అన్నం దగ్గర కబుర్లు తగ్గించాడు. దాచాల్సిందేమీ మిగల్లేదు మరి. ఏ రోజైనా కథ మానేస్తే, అమ్మే ఆయన మోచెయ్యి తట్టి, చెప్పమని గడ్డం ఎగరేసేది. మధ్యాహ్నం కొట్టు మూసి మాతో మసీదుకు వచ్చేవాడు. గుమ్మంలో అక్క ఆయన ఎడమవైపుకు వచ్చి నిలబడేది. లోపల నాన్న, ఎవరైనా నమాజులో ఉన్నారా అని ముందే అన్ని వైపులా చూసుకుని, అవసరమున్నా లేకపోయినా గోడవారగా చుట్టు తిరిగి వచ్చేవాడు. తాత కనపడితే, ఆయన వెనక బోలెడంత చోటు వదిలి కూర్చునేవాడు.

మార్కెట్ పెద్దతో నేనే మాట్లాడాను. "మైకు పెట్టించండి, పాట నేను పాడతాను" అన్నాను.

"మైకమ్మ ఉండగా ఈ షెడ్డులో మైకు పెట్టాలా?" అని ఆయన అమ్మ వైపు చూశాడు.

అమ్మ తలూపింది. స్టూలు తనే తెచ్చి, కాలితో తన్ని అది కదలకుండా ఉందో లేదో చూసి, నా ముందు పెట్టింది. ఆ తర్వాత నా వెనక నిలబడలేదు. కొనేవాళ్ల మధ్యలోకి వెళ్లి, అక్కడినుంచి నన్ను చూసింది.

మబ్బులు కమ్ముతున్న రోజుల్లో డాక్టరు మళ్లీ తెర మీద చూశాడు. "మానాయమ్మా. మాట్లాడొచ్చు. కానీ ఇంట్లో మాట్లాడే మాటలే. ఆ షెడ్డులో పాడే పాటను ఈ గొంతు ఇక మొయ్యలేదు." అమ్మ ముఖంలో ఆశ్చర్యం లేదు. "ఏదీ, ఒక మాట అనండి" అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపి, నవ్వి, కిటికీలోంచి రోడ్డు అవతలికి చూపించింది. నాన్న అక్కడ మసీదులో కూర్చుని ఉన్నాడు.

నాన్నకు చెవి మిషన్ వచ్చింది అంతకు రెండు మూడు రోజుల ముందే. లోకం ఆయనకు కొత్తగా ఉంది. కుళాయి తిప్పితే ఉలిక్కిపడేవాడు. కొట్లో కాటాలు కిర్రుమంటాయని అప్పుడే తెలిసి వాటికి నూనె వేశాడు. మేం వెళ్లేసరికి వరండాలో చాప మీద కూర్చుని పావురాలను చూస్తున్నాడు. "వీటి రెక్కలు ఇంత చప్పుడు చేస్తాయా?" అన్నాడు నాతో.

అమ్మ ఆయన పక్కన కూర్చుంది. ఎండ లేదు. పాలరాయి చల్లబడి ఉంది. అక్క తన బల్ల దగ్గర చున్నీలు ఎగిరిపోకుండా చేతులు అడ్డం పెట్టుకుంటోంది.

"గాలి చల్లగా ఉంది. నడిచి వెళ్దామా?" అని వినపడింది.

ఎవరా అని చూశాను. కొంచెం గరగరగా, లోగొంతుతో, నేనెప్పుడూ వినని ఆవిడెవరో మాట్లాడినట్టుంది. నాన్న వెంటనే తల తిప్పలేదు. పావురాల వైపే చూస్తూ ఉండిపోయాడు. వినపడలేదేమోనని నేను ముందుకు వంగాను.

"మళ్లీ అను" అన్నాడు నాన్న.

"నడిచి వెళ్దామా అన్నాను."

నాన్న లేచి అమ్మకు చెయ్యి అందించాడు.

ఇప్పటికీ ఆ షెడ్డులో పాట నాదే. అక్క కూతురికి ఇద్దరు పిల్లలు. నానమ్మ లేదు. గొంతు డాక్టరు ఊరు మారిపోయాడు. ఆ వేసవి గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఇవేవీ కాదు, ఆ సాయంత్రం ఇంటికి నడిచివచ్చిన దారి. వాళ్లిద్దరూ ముందు, నేను వెనక. అమ్మ మాట్లాడుతూనే ఉంది. నాన్న మిషన్ ఉన్న చెవిని ఆమె వైపు వంచి నడుస్తున్నాడు. ఒకచోట ఆగి నవ్వుకున్నారు. ఇంకోచోట అమ్మ ఏదో అడిగితే నాన్న చాలాసేపు ఆలోచించి జవాబిచ్చాడు. వీధి చివరిదాకా వినపడే అమ్మ మాటలు వింటూ పెరిగినదాన్ని నేను. అడుగులు పెంచి, దాదాపు వాళ్ల మడమలు తొక్కేంత దగ్గరగా నడిచాను. అయినా ఒక్క ముక్క వినపడలేదు. ఆ రోజు వాళ్లేం మాట్లాడుకున్నారో నాకిప్పటికీ తెలియదు.